వెనక్కి పోని కప్ప

పాత కారుని చంపింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను. రేపు ఇంకెవరో చెబితే విని, ఈ నెట్టీ సంగతి దాచిందని మీరనుకోవడం నాకిష్టం లేదు.

నవంబరులో దాన్ని మేం కాపురముండే ఇంటిబండి వెనక తగిలించి, న్యూట్రల్‌లో వెయ్యడం మరిచిపోయి, మొదటి గేరులో ఉండగానే నలభై మైళ్ళు ఈడ్చుకుపోయాను. ముప్పై ఆరడుగుల బండి నడిపేవాళ్ళకి వెనకేం జరుగుతోందో తెలిసి చావదు. ఒక లారీవాడు హారన్ కొట్టి కొట్టి చెయ్యి ఊపితే, వీడికేం పోయేకాలం అని తిట్టుకుంటూ ఆపాను. దిగి చూద్దును కదా, కారు కింద పొగ, కారుతున్న నూనె, మాడు కంపు. నెబ్రాస్కాలో ఇరవయ్యారేళ్ళు బడిబస్సు నడిపి ఒక్క గీత పడనివ్వని మనిషిని. రోడ్డు పక్కనే కూలబడి ఏడ్చాను.

మా ఆయన హార్లన్ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. "నా కళ్ళు సరిగ్గా ఉంటే చక్రాలు నేను చూసి చెప్పేవాణ్ణి కదే," అన్నాడు.

మాలాంటి వాళ్ళందరికీ ఒక పద్ధతుంది. కారు తగిలించాక ఒకరు ఇంటిబండిని పది అడుగులు మెల్లగా ముందుకి పోనివ్వాలి. రెండోవాళ్ళు కింద నిలబడి, కారు చక్రాలు నాలుగూ తిరుగుతున్నాయని చూసి కేకెయ్యాలి. మేం రోడ్డెక్కిన కొత్తల్నుంచీ ఆ కేక హార్లన్‌దే. రెండేళ్ళుగా ఆయనకి చూపు నడిమధ్యలో పోతోంది. ఎదురుగా ఉన్న నా మొహం మసకే. పక్కనుంచి వెళ్ళే కుక్క మాత్రం కనిపిస్తుంది. అందుకని రెండేళ్ళుగా కేక లేకుండానే నెట్టుకొస్తూ, ఆ రోజూ అలాగే బయలుదేరదీశాను. అదీ నా నిర్వాకం.

ఇలా వెనక కట్టి లాక్కెళ్ళే కారుని మా వాళ్ళు కప్ప అంటారు. కప్ప లేకపోతే మా బతుకు సాగదు. నాలుగు వారాలకోసారి హార్లన్ కంట్లో సూది వేయించాలి. అది తప్పితే మిగిలిన చూపూ పోతుంది. మే నెలకల్లా మోంటానా చేరాలని, అక్కడి కొండల్ని చూపుండగానే చూడాలని ఆయన ఆశ. అక్కడా సూది తప్పదు. ఇంత పొడుగు ఇల్లుని ఏ ఊళ్ళో ఏ డాక్టరు గుమ్మం ముందు ఆపుతాం? ఫిబ్రవరిలోగా నమ్మకమైన కప్ప దొరక్కపోతే ఇంటిబండి అమ్మేసి ఓమహాలో రెండు గదులు అద్దెకి తీసుకుందామన్నాను. "నీ ఇష్టం," అన్నాడు హార్లన్. చూపున్న నాలుగు రోజులూ ఈ మనిషి అద్దెగోడల్ని చూస్తూ కూర్చోవాలా? అదీ నేను చేసిన పనికి?

చలికాలమంతా మేముండేది క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో. మా పక్క బండి క్లైడ్‌ది. ఆయనకి తెలియని విషయం లేదు, అడక్కుండా చెప్పని విషయమూ లేదు.

"వదినా, బ్లైత్‌లో వెండి రంగు కారొకటుంది. మీటరు మీద ముప్పై వేల మైళ్ళు కూడా లేవు. కళ్ళు మూసుకుని కొనెయ్!"

"కళ్ళు మూసుకోవడానికి మా ఆయనున్నాడు కదా, నేనెందుకు మూసుకోవడం?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. హార్లన్ మాత్రం కాఫీ ఒలికేలా నవ్వాడు.

క్లైడ్ తన ట్రక్కులో మమ్మల్ని బ్లైత్ తీసుకెళ్ళాడు. కారు అద్దంలా మెరిసిపోతోంది. అమ్మేవాడు అంతకన్నా మెరుస్తున్నాడు. "నిక్షేపంగా లాగొచ్చు మేడమ్. చాలామంది లాగుతున్నారు."

"ఎవరా చాలామంది?" అన్నాడు హార్లన్. వాడు తల గోక్కున్నాడు. "నెట్టీ, ముందు అరలో కారు పుస్తకం ఉంటుంది. లాగడం గురించి ఏం రాశారో పైకి చదువు."

చదివాను. నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా ఈ వాహనాన్ని లాగరాదని నల్లటి అక్షరాల్లో ఉంది.

"అయ్యో, పోయినేడాది మోడల్‌ని లాగొచ్చే! అదే కారు కదా ఇది!" అన్నాడు క్లైడ్.

"పేరొకటే. లోపలి గేరుపెట్టె మార్చేశారు," అన్నాడు హార్లన్. "దీన్ని లాగితే వందమైళ్ళకే తగలబడుతుంది. పద, ఇంటికి."

కారు చూడగానే నచ్చేసి సంతకం పెట్టడానికి సంచీలోంచి పెన్ను కూడా తీసిన దాన్ని. ఈ ఆడది రెండో కారుని కూడా చంపబోయిందని ఎవరూ అనలేదు. నాకు నేనే అనుకున్నాను.

ఆ తర్వాత వారం, బట్టలుతుక్కునే చోట గోడ మీద ఒక కాగితం కనిపించింది. ఎర్ర రంగు చిన్న జీపు, చేతి గేరు, లాగుడు కడ్డీతో సహా, రెండువేల రెండొందల డాలర్లు. పెట్టింది ఇడెల్లా అనే ఆవిడ. భర్త పోయాక ఇక రోడ్డు చాలనుకుని కూతురి ఊరు వెళ్ళిపోతోంది. అవతలి కొసన ఉన్న ఆవిడ బండి దాకా నడిచి వెళ్ళాం. క్లైడ్ కూడా వచ్చాడు, ఎవరూ పిలవకపోయినా.

నేను తలుపు తీసి మీటరు చూశాను. నూట తొంభైమూడు వేల మైళ్ళు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమమ్మా, మాకేమైనా చెవిలో పూలు కనిపిస్తున్నాయా? దీన్ని నడపడమెందుకు, పూడ్చిపెట్టాలి!"

ఆవిడ మొహం పాలిపోయింది. "నేనేం దాచలేదమ్మా. ఉన్నదున్నట్టే ఉంది."

"నోరు కాస్త తగ్గించు, నెట్టీ," అని హార్లన్ నెమ్మదిగా ఇసకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల కారు లోపలికి పెట్టి క్లచ్ పెడలు తడిమాడు. తర్వాత బ్రేకు, మళ్ళీ క్లచ్. వేళ్ళతో చదువుతున్నాడు. నలభైయేళ్ళు ధాన్యం గిడ్డంగుల్లో యంత్రాలు బాగుచేసిన వేళ్ళవి.

"నెట్టీ, ఇలా నీ చెయ్యి." నా బొటనవేలు పట్టుకుని క్లచ్ రబ్బరు మీద రాశాడు. "గీతలు తగులుతున్నాయా?"

"తగులుతున్నాయి. కొత్తదానిలా ఉంది."

"రబ్బరు మార్చారా అమ్మా?"

"మార్చలేదు బాబూ. కొన్నప్పటిదే."

"మీరిద్దరూ ఎక్కడెక్కడ తిరిగారు?"

ఇడెల్లా కళ్ళు తుడుచుకుంది. "అలాస్కా రెండుసార్లు. మెయిన్ రాష్ట్రం మూడుసార్లు. మిగతావి నాకే గుర్తులేవు. ఇదెప్పుడూ మా వెనకే వచ్చేది. నడపడం అంటే ఊళ్ళోకెళ్ళి రొట్టె తెచ్చుకోవడమే."

హార్లన్ నావైపు తిరిగాడు. సరిగ్గా చెప్పాలంటే నా చెవి పక్కకి, అలా తిరిగితేనే నేను కనిపిస్తాను. "ఇప్పటి కార్లలో తాళం తిప్పితేనే మీటరు నడుస్తుంది. ఈ పాతవాటిలో మీటరు తీగ చక్రాలతో పాటే తిరుగుతుంది. ఎవరు లాగినా లెక్కే. ఆ మైళ్ళు దీని కాళ్ళవే, దీని గుండెవి కావు. అందుకే రబ్బరు అరగలేదు. ఇంజను ముప్పైవేలు కూడా తిరిగుండదు."

క్లైడ్ నోరు తెరిచి, మూశాడు. అది చూడ్డానికే అంత దూరం నడవొచ్చు.

నాకు సిగ్గేసింది. ఇడెల్లా చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. ఆవిడ నాకు పీచ్ పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె ఒక ముక్క పెట్టింది. ఆ పూటే హార్లన్ జాకీ పెట్టి ఎత్తించి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి విన్నాడు. కుడి వెనక చక్రం గరగరమంది. ఆ బేరింగు మార్చుకుంటే చాలన్నాడు. పుస్తకం కూడా చదివించాడు. గేరు కర్ర పక్కనుండే చిన్న లివరు న్యూట్రల్‌లో పెట్టి ఎంత దూరమైనా లాగొచ్చని రాసుంది. మూడుసార్లు చదివాను. అలా కప్ప మాదయింది.

కానీ బయలుదేరడానికి దాన్ని తగిలించాల్సిన రోజు వచ్చింది. లివరు న్యూట్రల్‌లో పెట్టాను. దిగాను. మళ్ళీ ఎక్కి చూశాను. అలా నాలుగుసార్లు.

"నావల్ల కాదయ్యా. క్లైడ్‌ని పిలుస్తాను, వాడు చూసి చెబుతాడు."

"ఆ కేక నాది," అన్నాడు హార్లన్. "వాడికెందుకిస్తాను?"

చూస్తే చేతిలో తెల్ల రంగు డబ్బా. నా కంగారులో నేను చూడనే లేదు, పొద్దున్నే లేచి నాలుగు టైర్లకీ మధ్యనుంచి అంచుదాకా వెడల్పాటి తెల్ల పట్టీలు వేశాడు. వేళ్ళ నిండా రంగే, చొక్కా మీదా రంగే.

"ఎదురుగా చూస్తేనే కదా నాకు కనిపించనిది? నేను కొండవైపు చూస్తాను. చక్రాలు పక్కనుంచి కనిపిస్తాయి. నువ్వు పోనియ్యి."

ఎక్కి కూర్చున్నాను. అద్దంలో చూస్తే ఆయన కారు పక్కన నిలబడి, దానివైపు కాకుండా ఎటో కొండల్లోకి చూస్తున్నాడు. బ్రేకు వదిలాను. ఒకటి, రెండు, మూడు అడుగులు.

"ఇటు రెండూ!" అని కేక. ఆపాను. ఆయన తడుముకుంటూ చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళాడు. మళ్ళీ పోనిచ్చాను.

"నాలుగూ! నాలుగూ తిరుగుతున్నాయే, నెట్టీ!"

రెండేళ్ళ తర్వాత విన్నాను ఆ కేక. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. ఆ ఆనందంలో పెద్దరోడ్డు దాకా వెళ్ళిపోయాను. పక్క సీటు ఖాళీగా ఉందని అప్పుడు చూశాను. ఓరి దేవుడా, మొగుణ్ణి ఎడారిలో వదిలేశాను!

కిటికీలోంచి తల బయటపెట్టాను. దూరంగా చేతులూపుతున్నాడు. "వెనక్కి రావే!"

కప్పని కట్టుకున్నాక ఇంటిబండి వెనక్కి పోదు. పోనిస్తే కడ్డీ వంగిపోతుంది. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

"వెనక్కి రాదయ్యా! నువ్వే నడిచి రా! మోంటానా ఇటే!"

వచ్చాడు. అటూ ఇటూ పక్కలకి చూసుకుంటూ, నా హారన్ మోత పట్టుకుని, తెల్ల రంగు చేతులతో నవ్వుకుంటూ వచ్చాడు.