నంద్యాల గంట కొట్టిన గోలీ

ఆళ్లగడ్డలో హుస్సేన్ పీరా సోడా తాగనివాడు లేడు, ఆయన కోతలు విననివాడు అసలే లేడు. ఒకసారి బుడ్డి పేలి, అందులో గోలీ ఎగిరిపోయి నంద్యాల స్టేషన్ గంటకు తగిలిందట. గంట మోగిందని డ్రైవరు గార్డును వదిలేసి రైలు తోలుకుపోయాడట!

ఊళ్లో ఇంకెవడూ సోడా మిషన్ పెట్టకుండా భయపెట్టడానికి కట్టిన కత అది. భయం బాగానే పాకింది. ఇంకో మిషనూ రాలేదు, పీరా మిషన్ తిప్పే కుర్రాడూ రాలేదు.

ఇప్పుడు అహోబిలం తిరునాళ్ల ముంచుకొస్తోంది. పీరా భుజం పట్టేసి చెయ్యి లేవడం లేదు. తన సోడాలు చేరకపోతే వేరే ఊరివాళ్లు వచ్చి దిగుతారు, దిగినవాళ్లు మళ్లీ పోరు.

బస్సెక్కి నంద్యాల బియ్యం మిల్లుకు వెళ్లాడు. ఒకప్పుడు తన దగ్గర బుడ్లు కడిగిన నారాయణ అక్కడున్నాడు.

"వచ్చేయ్‌రా అబ్బీ. ఈడేముంది, దుమ్ము!"

"దుమ్మే తాతా. అయినా ఈడ పని నేర్పిస్తాండారు. నువ్వు బుడ్లు కడిగించడమే గానీ మిషన్ ముట్టనిస్తివా? మొగం ఎగిరిపోతాదంటివి. మీ ఊరి హన్నమ్మ కొడుకు జకరయ్య పనికోసం తిరుగుతాండాడు, పోయి అడుగు."

హన్నమ్మ వాకిట్లోనే ఆపేసింది. "నా కొడుకు మొగం నాకు కావాల, సాయిబన్నా."

"అది ఉత్త కతమ్మా. నంద్యాల గంటను మనిషే కొడతాండాడు."

"అయితే బుడ్డి పేలదా?"

పీరా గొంతు సవరించుకున్నాడు. "పేల్తాది. బుడ్డిని తిప్పే పెట్టెకు మూత ఏసింటే లోపల్నే పేల్తాది. మూత తీసేటప్పుడు మొగానికి జల్లెడ కట్టుకోవాల, చేతికి గోనె చుట్టుకోవాల."

"నీ గడ్డం మీద మచ్చ? చిరుత గీరిందంటివే?"

"చిరుత కాదమ్మా," అన్నాడు నేల చూస్తూ. "జల్లెడ కట్టుకోలేదు."

హన్నమ్మ దగ్గరికొచ్చి ఆ మచ్చను చూసింది. "నా కండ్ల ముందర తిప్పించు. మిషన్ నేర్పిస్తేనే పంపుతా."

మర్నాడు హన్నమ్మ గడపలో కూర్చుంది. జకరయ్య మొగానికి జల్లెడ, చేతులకు గోనె. పీరా పక్కన తొట్టి దగ్గర బుడ్లు కడుగుతూ "మెల్లగా... ఇంకా మెల్లగా" అంటున్నాడు. పెట్టెలో బుడ్డి ఢామ్మని పేలింది. ఎగిరి తొట్టిలో పడింది మాత్రం పీరా.

"మూత తీయొద్దు!" అని నీళ్లలోంచే అరిచాడు.

కుర్రాడు ఆగాడు. గ్యాసు కట్టేసి, పీరా తలూపాక మూత తీశాడు. గోలీ గాజుపెంకుల మధ్య బుద్ధిగా కూర్చునుంది. "నంద్యాలకు పోలేదే, తాతా!"

హన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సాయిబన్నా, రేపట్నుంచి వీడిని నువ్వే లేపుకో. పొద్దున లేయడు."

తిరునాళ్లలో జకరయ్య చుట్టూ కుర్రాళ్లు మూగారు. "మా తాత తొట్టిలో పడితే పొంగిన నీళ్లు కుందూ ఏటి దాకా పారినాయి. నేర్చుకుంటారా పని? మా తాత నేర్పిస్తాడు."

వెనక సోడాలు సర్దుతున్న పీరా ఉండబట్టలేకపోయాడు. "కుందూ యాడిది రా? కృష్ణ దాకా పారినాయి!"