రెండు కలిపి రాసిన వాగు

"పైన కొండల్లో వాన పడి, కింద నువ్వు ఎండలో నిలబడి ఉంటే, నీళ్లొస్తున్నాయని నీకెలా తెలుస్తుందే?"

నేనీ మాట అడిగేసరికి మా అమ్మాయి ఇంకా చెప్పులైనా తొడగలేదు. భోజనాల బల్ల మీద బడి నుంచి వచ్చిన అనుమతి కాగితం ఉంది. దాని మీద నా సంతకం కావాలి. పన్నెండో తరగతిలో భూగోళం తీసుకున్న పిల్లలు ఒక వాగును ఐదు చోట్ల కొలిచి నివేదిక రాయాలట. మొత్తం మార్కుల్లో ఐదో వంతు దానికే. పై చదువుకు సీటు వచ్చేదీ రానిదీ ఆ ఐదో వంతు తేలుస్తుందని అది పది రోజులుగా చెబుతూనే ఉంది.

"మోకాలి లోతు కూడా ఉండదమ్మా."

"మునిగే రాత ఉంటే మోకాలి లోతు చాలు."

"మీ అమ్మకు గ్లాసులో నీళ్లు చూసినా వరదే," అన్నారు మావారు, కండక్టరు సంచీ భుజాన వేసుకుంటూ. "సంతకం పెట్టవే తల్లీ. లేకపోతే పిల్ల పుస్తకంలోనే ఈత కొట్టాల్సి వస్తుంది."

పెట్టాను. నేనూ వెంట వస్తానన్న షరతు మీద పెట్టాను. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. నేను రోజుకు పాతిక భయాలు పైకి అంటాను. అన్నింటికీ జవాబు చెబుతూ కూర్చుంటే దానికి చదువెక్కడ సాగుతుంది?

నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. ముందుగదిలో కుట్టు మిషను, వెనకగదిలో సంసారం. అది పదకొండు, పన్నెండు చదివిన ఆ రెండేళ్లూ సాయంత్రాలు నా కత్తిరింపుల బల్ల సగం నాది, సగం దానిది. ఒక పక్క జాకెట్ గుడ్డలు, ఒక పక్క పటాలు. నా సుద్దముక్క దాని పుస్తకాల్లో దొరికేది, దాని పెన్సిలు నా గుడ్డల మడతల్లో. "మీ ఇద్దరిలో ఎవరు ఏది చదువుతున్నారో, ఎవరు ఏది కుడుతున్నారో," అని నవ్వేవారు ఆయన. ఇప్పుడు బల్లంతా నాదే. ఇన్నేళ్లయినా చేయి మాత్రం ఆ సగంలోకి పోదు.

ఒకరోజు అది ఒక పెద్ద పటం పరిచింది. నిండా గోధుమరంగు గీతలు, ఒకదాని లోపల ఒకటి.

"ఇదేంటే, ఒకే చొక్కాకు ఆరు సైజులు గీసినట్టుంది?" అన్నాను.

"కొండమ్మా అది. ఒక్కో గీత ఒక్కో ఎత్తు. గీతలు దగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే మెల్లటి వాలు."

"అంటే కుచ్చులన్నమాట. దగ్గర దగ్గరగా పెడితేనే గుడ్డ లేచి నిలబడుతుంది."

అది నా వంక చూసి నవ్వి, ఆ మాట పటం అంచున పెన్సిలుతో రాసుకుంది. ఆ రాత్రి నాకు కాసేపు నిద్ర పట్టలేదు. భయంతో కాకుండా నిద్ర పట్టకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

అనుకున్న శనివారం రానే వచ్చింది. మా అమ్మాయి, దాని స్నేహితురాలు, నేను బస్సు దిగి వాగు దగ్గరికి నడిచాం. ఆ స్నేహితురాలికి మందపాటి కళ్లద్దాలు ఉండడంతో అందరూ సోడాబుడ్డి అనేవారు, తనూ అదే పేరుకు పలికేది. భూగోళం సారు జట్ల మధ్య తిరుగుతూ మా దగ్గరికీ వచ్చి, రబ్బరు బూట్లు చూసి, "నీళ్లలోకి ఎవరూ ఒంటరిగా దిగకూడదు," అని చెప్పి వెళ్లారు. ఆ మాటతో ఆయన నాకు దేవుడిలా కనిపించారు.

ఈ గట్టు నుంచి ఆ గట్టుకు టేపు లాగడం, అరమీటరుకోసారి స్కేలు నిలబెట్టి లోతు చూడడం, అడుగున రాళ్లు తీసి కొలవడం, ఒక కమలాపండు వదిలి పది మీటర్లు ఎన్ని సెకన్లలో పోతుందో చూడడం. ఇదీ పని.

"బంగారంలాంటి పండును నీళ్లపాలు చేస్తారా?"

"మళ్లీ పట్టుకుంటాం ఆంటీ," అంది సోడాబుడ్డి. పట్టుకోబోయి కాలుజారి కూర్చుంది కూడా. నేను కెవ్వున కేక పెట్టాను. అది నీళ్లలో కూర్చునే పకపకా నవ్వింది.

దాని కళ్లద్దాలు తడిసి, తను రాసుకుంటున్న అంకెలు కనబడకపోవడంతో, మూడో చోటు నుంచి పుస్తకం నా చేతికి వచ్చింది. నేను గట్టున బండ మీద కూర్చున్నాను. అమ్మాయి నీళ్లలోంచి "పదహారు!" అని అరిస్తే రాసుకున్నాను. "పద్నాలుగు!" రాసుకున్నాను. ఎంత గర్వమో. దాని చదువులో నా చేతిరాత.

బుధవారం సాయంత్రం అది బల్ల దగ్గర తల పట్టుకుంది.

"ఏమైందే?"

"రెండో చోటికీ మూడో చోటికీ మధ్య ఏ పాయా వచ్చి కలవదు. పారే నీళ్లు ఇంచుమించు అంతే ఉండాలి. లెక్క కడితే మూడో చోట చాలా ఎక్కువొస్తున్నాయి. ఈ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా?"

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు.

ముప్ఫై ఆరు కొలిస్తే పుస్తకంలో ముప్ఫై ఎనిమిది రాయడం నా అలవాటు. బిగుతైతే గుడ్డ పోయినట్టే, వదులైతే ఒక కుట్టు వేసుకోవచ్చు. అందుకని కొలత చెవిన పడగానే నా చేయి రెండు కలిపి రాసేస్తుంది, నన్ను అడగదు. వాగుకు కూడా నేను వదులు పెట్టాను.

అది మళ్లీ లెక్క కట్టింది. తనదే తప్పనుకుని చెరిపింది. మళ్లీ కట్టింది. కాగితం చిరిగేదాకా చూస్తూ కూర్చున్నాను. నోరు విప్పితే అది నన్ను ఇంకెప్పుడూ తన చదువు దగ్గరికి రానివ్వదేమోనని భయం. విప్పకపోతే దాని ఐదో వంతు పోతుందని భయం. చివరికి చెప్పాను.

అది పెన్సిలు కింద పెట్టింది.

"అన్నింటికీ కలిపావా?"

"గుర్తులేదే. మొదట్లో కొన్ని సరిగ్గానే రాశాననుకుంటా."

"అన్నింట్లోంచీ రెండు తీసెయ్, గొడవ వదిలిపోతుంది," అన్నారు ఆయన మంచం మీంచి.

"ఊహించి రాస్తే అది కొలత కాదు నాన్నా." అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. గురువారం లేదు, శుక్రవారం లేదు. కోప్పడితే ఓర్చుకునేదాన్ని. పళ్లెం తీసింది, గ్లాసు కడిగింది, పక్కన కూర్చుంది, మాట మాత్రం లేదు. "ఇంట్లో కరెంటు ఉంది, బల్బే వెలగట్లేదు," అన్నారు ఆయన. ఎవరూ నవ్వలేదు.

నివేదిక సోమవారం ఇవ్వాలి. వేరే రోజు వాగు వేరే వాగే కాబట్టి ఐదు చోట్లా మొదటి నుంచి కొలవాలి. సోడాబుడ్డికి తడిసిన మర్నాటి నుంచే జ్వరం. ఆయనకు డ్యూటీ. ఒంటరిగా దిగకూడదు.

శనివారం పొద్దున అది బూట్లు సంచీలో పెట్టుకుంటుంటే, సోడాబుడ్డి బూట్లు నా సంచీలో పెట్టుకున్నాను. ముందురోజే వాళ్లింటికి వెళ్లి తెచ్చాను. అది చూసింది, వద్దనలేదు.

బస్సులో మాట లేదు. నడకలో లేదు. వాగు దగ్గర అది టేపు ఒక కొస నా చేతికిచ్చి అవతలి గట్టు వైపు చేయి చూపించింది. నేను దిగాను. బూటు మీంచి చలి కాళ్లకు పట్టింది. అడుగున రాళ్లు కదులుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక పారే నీళ్లలో కాలు పెట్టడం అదే. నీళ్లు నన్ను కాస్త నెట్టి చూసి, పోనీలే అన్నట్టు పక్కనుంచి పోయాయి. గుర్తున్న ప్రార్థనలన్నీ చదువుతూ అవతలికి చేరాను.

నాలుగు చోట్లా అంకెలు అదే పైకి అనుకుని, అదే రాసుకుంది. అంకెలు తప్ప మాట లేదు. దిగే ముందు ప్రతిచోటా ఒక నిమిషం ఊరికే నిలబడి వాగు ఎగువకేసి చూసేది. నా మీద కోపంతో మొహం తిప్పుకుంటోందనుకున్నాను.

ఐదో చోట అడుగున ఇసుక, గుండ్రటి చిన్న గులకరాళ్లు. వాగు వెడల్పుగా ఉంది, కాలి కింద ఇసుక జారుతోంది. ఒక చేత్తో స్కేలు, ఒక చేత్తో పుస్తకం దానికి కుదరలేదు. కాసేపు అలాగే నిలబడి, పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇరవై ఒకటి."

ఇరవై ఒకటి రాశాను. నా చేయి ఇరవై మూడు వైపు పోబోయింది, గట్టిగా పట్టుకున్నాను.

"పందొమ్మిది."

పందొమ్మిది. అలా పదకొండు అంకెలు. అయిపోయాక అది పుస్తకం తీసుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసింది. ఇద్దరం గట్టున కూర్చుని బూట్లలో నీళ్లు ఒంపుకున్నాం. కొండల మీద చిన్న మబ్బు ముక్క కనబడేసరికి ప్రాణం ఉగ్గబట్టుకోలేక మళ్లీ అడిగేశాను.

"పైన వాన పడితే, కింద ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుందే?"

అది బూటు బోర్లించి దులిపింది. మేజోళ్లు పిండింది. టేపు మొదటి నుంచి చివరిదాకా చుట్టింది. ఈసారీ జవాబు రాదులే అని నేను లేవబోయాను.

"ముందు నీళ్ల రంగు మారుతుందమ్మా," అంది. "తేటగా ఉన్నవి మట్టి తిరుగుతాయి. తర్వాత పుల్లలు, ఆకులు ఎక్కువగా కొట్టుకొస్తాయి. చప్పుడు పెరుగుతుంది. అప్పుడు టేపూ స్కేలూ వదిలేసి గట్టెక్కెయ్యాలి." చుట్టిన టేపు సంచీలో పెట్టింది. "నువ్వడిగిన రోజే సారును అడిగి తెలుసుకున్నా. అప్పటి నుంచీ దిగే ముందు ప్రతిసారీ పైకి చూస్తూనే ఉన్నా."