పాలబూత్ మలుపు దాకా

2017 జనవరి పది, మంగళవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు, గాలి లేదు. పొగమంచు వల్ల మా రెండో అంతస్తు బాల్కనీ నుంచి గేటు మీది దీపం కనిపిస్తోంది గాని గేటు కనిపించడం లేదు. మా అబ్బాయి సైమన్ మోటారు సైకిల్ స్టార్ట్ చేసిన చప్పుడు విన్నాను. కోడలు రెబ్కా వెనక ఎక్కి కూర్చున్నప్పుడు స్ప్రింగులు మూలిగిన చప్పుడూ విన్నాను. బండి వెళ్ళిపోయింది. ఆ తరువాత నలభై నిమిషాల పాటు నేను చేయగలిగింది ఏమీ లేదు; అయినా కూర్చోలేకపోయాను. స్టవ్ ఆపానా లేదా అని వంటగదిలోకి వెళ్ళి చూశాను. ఆపే ఉంది. కాసేపటికి మళ్ళీ వెళ్ళి చూశాను.

ఆ అలజడికి కారణం మూడు నెలల కిందటిది. రెబ్కా నర్సు. ఫరీదాబాద్‌లో మేముండే సెక్టారుకు పదకొండు కిలోమీటర్ల దూరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసేది. అక్టోబరులో, స్పృహ లేని ఒక భారీకాయుణ్ణి మంచం మీద పక్కకు తిప్పుతుండగా ఆమె నడుము పట్టేసింది. డిస్కు కొద్దిగా జారిందనీ, బరువులు ఎత్తకూడదనీ, నడుము మెలితిప్పకూడదనీ డాక్టరు చెప్పాడు. మేట్రన్ దయతలచి ఆమెను డయాలిసిస్ విభాగానికి మార్చింది. అక్కడ ఎత్తే పని తక్కువ. అయితే ఆరున్నరకల్లా హాజరు కావాలి. కాంట్రాక్టు జనవరి ముప్ఫై ఒకటితో ముగుస్తుంది. ఆ లోపల సెలవులు, ఆలస్యాలు లేకుంటేనే కొనసాగింపు అని ముందే చెప్పారు.

ఆ వేళకు క్యాబ్ బుక్ చేస్తే, పొగమంచు చూసి డ్రైవరు రద్దు చేసేవాడు. షేర్ ఆటో వెనక సీట్లో కూర్చుంటే ప్రతి గుంతకూ తల పైకప్పుకు తగిలేది. ఇక మిగిలింది సైమన్ బండి. అతని ఫ్యాక్టరీ కూడా అదే దారిలో ఉంది. కాబట్టి ఆ పదకొండు కిలోమీటర్లను రెబ్కా నడుము భరిస్తే ఉద్యోగం ఉంటుంది, భరించకపోతే పోతుంది.

నేను వాల్తేరులో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదివి, ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పాఠాలు చెప్పాను. కుదుపు అంటే ఏమిటో, అది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. తెలుసు కాబట్టి ఎవరూ అడగకుండానే ఆ బండి బాగుచేసే పని నా మీద వేసుకున్నాను. ముందుగా ఒక నోటుపుస్తకం పెట్టాను. రోజూ సాయంత్రం రెబ్కాను అడిగేదాన్ని: “సున్న నుంచి పదిలో నొప్పి ఎంత?”

“నేను పేషెంట్లను అడిగే ప్రశ్న మీరు నన్ను అడుగుతున్నారండి అత్తయ్యా,” అని నవ్వింది మొదటి రోజు. తరువాత, “ఐదు,” అంది.

జనవరి తొమ్మిదిన వెనక షాక్ అబ్జార్బర్లను ఒక మెట్టు మెత్తన చేయించి, వెనక చక్రంలో గాలి కాస్త తగ్గించాను. పదో తేదీ సాయంత్రం ఆమె “నాలుగు” అంది. నా పద్ధతి సరైనదేనని నాకు నమ్మకం కుదిరింది. మర్నాడు సాయంత్రమే ముగ్గురం మార్కెట్ వెనక సందులో సీట్లు కుట్టే భరద్వాజ్ దుకాణానికి వెళ్ళాం.

భరద్వాజ్ అరవై ఏళ్ళ మనిషి; నోట్లో ఎప్పుడూ దారం ముక్క ఉండేది. నేను కాగితం మీద గీసుకెళ్ళిన బొమ్మను చాలాసేపు చూశాడు.

“ఆంటీజీ, యే మోటార్ సైకిల్ హై, పాల్కీ నహీ,” అన్నాడు.

“పల్లకీ అయితే మోసేవాళ్ళకు చెప్పేదాన్ని, నెమ్మదిగా నడవమని. ఈ మోసేవాడు నా మాట వినడు,” అని హిందీలో అన్నాను. సైమన్ తల గోక్కున్నాడు.

భరద్వాజ్ సీటు విప్పుతూ అడిగాడు: “దీదీ కైసే బైఠ్‌తీ హై?” ఎలా కూర్చుంటుంది అని.

“ఒక పక్కకే,” అని నేనే చెప్పాను. రెబ్కా నా పక్కనే ఉంది. ఆమె బండి గొలుసు వంక చూస్తోంది. సైమన్ ఫోను తీశాడు. ఈ రెండూ నేను చూశాను. చూసినవాటికి అర్థం ఉంటుందని మాత్రం ఆ క్షణంలో తోచలేదు.

ఒక పక్కకు కూర్చున్న మనిషి కాళ్ళు ఎడమవైపు వేలాడతాయి, వీపు వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. కనుక సీటు ఎడమ అంచును తొడలకు ఆనేటట్లు వెడల్పు చేయించాను. వెనక్కి జారకుండా కుడి అంచును ఒక అంగుళం ఎత్తు చేయించాను. పాత స్పాంజి తీసేసి గట్టిది కింద, మెత్తనిది పైన వేయించాను. మర్నాడు సాయంత్రం రెబ్కా “ఆరు” అంది. కొత్త స్పాంజి అలవాటు పడాలని నోటుపుస్తకంలో రాసుకున్నాను. పద్నాలుగో తేదీన, రెండు పాదాలూ కలిపి ఆనించుకునేందుకు ఎడమవైపు వెడల్పాటి ఇనుప పలక వేయించి, కాలు పెట్టుకునే మామూలు మెట్టు కంటే నాలుగంగుళాలు ఎత్తున బిగించాను. కుడివైపు మెట్టు ఎవరికీ పనికిరాదు గనుక దాని జోలికి పోలేదు. ఆ తరువాత రెబ్కా “ఏడు” అంది.

పాఠశాలలో ఏ విద్యార్థి అయినా ఇటువంటి పట్టిక తెచ్చి ఉంటే, ‘సరిచేసిన కొద్దీ తప్పు పెరుగుతోందంటే, సరిచేస్తున్నది వేరొకదాన్ని’ అని చెప్పి ఉండేదాన్ని. నా పట్టికకు మాత్రం చలి అని, రోడ్డు అని, ఆమె నిద్రలేమి అని సంజాయిషీలు రాసుకుంటూ పోయాను.

పద్దెనిమిదో తేదీ బుధవారం, దారిలో రెండుసార్లు బండి ఆపి నిలబడవలసి వచ్చి, రెబ్కా పన్నెండు నిమిషాలు ఆలస్యంగా చేరింది. ఇంకొక్క ఆలస్యం జరిగితే కొనసాగింపు ఉండదని మేట్రన్ కాగితం ఇచ్చింది. ఆ కాగితాన్ని రెబ్కా బల్ల మీద పెట్టి, పైన బైబిలు పెట్టింది, ఎగిరిపోకుండా అన్నట్లు. రాత్రుళ్ళు నేను మంచం మీద లేచి కూర్చోవడం, పడుకోవడం, మళ్ళీ లేచి స్పాంజి మందం లెక్క వేసుకోవడం. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

చివరికి తోచింది ఏమిటంటే, నొప్పి ఎక్కడ పుడుతోందో నేను స్వయంగా కూర్చుని చూడలేదు. ఇరవై మూడో తేదీ సోమవారం రెబ్కాకు వారపు సెలవు. ఉదయం ఆరింటికి శాలువా కప్పుకుని, నోటుపుస్తకం పట్టుకుని కిందికి దిగాను.

“ఈ చలిలో నీకెందుకమ్మా? జలుబు చేస్తే నన్ను తిడతావు,” అన్నాడు సైమన్.

“ఆసుపత్రి గేటు దాకా తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు ఆటోలో వస్తాను.”

“అరవై తొమ్మిదేళ్ళమ్మా నీకు!”

“నా వయసు నాకు చెప్పకురా, నిన్ను కన్నదాన్ని నేను.”

రెబ్కా తలుపు దగ్గర నుంచే, “వద్దండి అత్తయ్యా, రోడ్డు అస్సలు బాగోదండి,” అంది. ఆమె గొంతులో ఉన్నది నా గురించిన బెంగ అనుకున్నాను.

నేను చీరలో ఒక పక్కకు ఎక్కి కూర్చున్నాను. బండి కదిలింది. సీటు అద్భుతంగా ఉంది. తొడల కింద అంచు సరిగ్గా ఆనింది, పాదాలు పలక మీద నిలిచాయి, కుడి అంచు నన్ను వెనక్కి పోనివ్వలేదు. రెండు స్పీడ్‌బ్రేకర్లు దాటినా నడుముకు ఏమీ తెలియలేదు. ఇంత సౌఖ్యంలో ఏడు నొప్పి ఎలా వస్తుందని, కోడలి మీద ఒక్క క్షణం చిన్న అనుమానం కూడా కలిగింది. దాన్ని ఇక్కడ దాచడం లేదు.

నాలుగు వందల మీటర్ల తరువాత రోడ్డు కుడివైపు మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దాటితే మా ఇల్లు కనబడదు. అక్కడ పాలబూత్ పక్కన సైమన్ బండి ఆపాడు. ఎడమ కాలు నేల మీద ఆనించి, ట్యాంకు మీదికి కొంచెం వంగి, ఊరికే నిలబడ్డాడు. ఇంజను ఆపలేదు. నేను పది లెక్కపెట్టాను.

“ఎందుకాపావురా?”

అతను ఉలిక్కిపడ్డాడు. “పాలు...”

“పాలు ఇంట్లో రెండు ప్యాకెట్లున్నాయి.”

బూత్ ముందు ట్రేలు సర్దుతున్నవాడు నవ్వుతూ కేకేశాడు: “క్యా బాత్ హై సైమన్ భాయ్! ఆజ్ మాతాజీ భీ దోనో తరఫ్ పైర్ కరేంగీ?”

మాతాజీ కూడా కాళ్ళు రెండు వైపులా వేసుకుంటారా అని అతని హాస్యం. ఆ ‘కూడా’ దగ్గర నా ఆలోచన ఆగిపోయింది.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాను.

సైమన్ వెనక్కి తిరగలేదు. “పెళ్ళైన దగ్గర్నుంచీ అమ్మా. గేటు దగ్గర ఒక పక్కకి ఎక్కుతుంది, ఇక్కడ దిగి సరిగ్గా కూర్చుంటుంది. వచ్చేటప్పుడు మళ్ళీ ఇక్కడే మారుతుంది. అలవాటైపోయింది. ఇవాళ కూడా అలవాటుగానే ఆపేశాను.”

“మరి భరద్వాజ్ అడిగినప్పుడు నోరు మూసుకున్నావేం?”

“నువ్వు చెప్పేశావుగా. ఆరేళ్ళు నీకు తెలీకుండా చేశామని దుకాణంలో ఎలా చెప్పమంటావు? తర్వాతేమో నువ్వు అంత శ్రద్ధగా గీతలు గీసి, పలకలు వేయించి...”

బండి దిగి ఆ సీటును మళ్ళీ చూశాను. ఇప్పుడు లెక్క తనంతట తానే తేలింది. రెండు వైపులా కాళ్ళు వేసుకున్న మనిషికి ఈ సీటు మీద కుడి తుంటి ఒక అంగుళం పైకి లేస్తుంది; ఎడమ మోకాలు పలక వల్ల నాలుగంగుళాలు పైకి మడతపడుతుంది; కుడి కాలు కిందికి వేలాడుతుంది. డాక్టరు వద్దన్న మెలి అదే. నాలుగు వందల మీటర్ల కోసం నేను చేసిన సుఖం, మిగిలిన పదిన్నర కిలోమీటర్లలో ఆమె నడుమును రోజూ పిండింది. ఐదు, నాలుగు, ఆరు, ఏడు: పట్టికలో ప్రతి అంకె నిజమే చెప్పింది. అబద్ధమల్లా నేను భరద్వాజ్‌కు చెప్పిన ఒక్క మాట.

మిగిలిన ప్రయాణం అనవసరమనిపించింది. సైమన్‌ను ఫ్యాక్టరీకి పంపి, నడిచి ఇంటికి వచ్చాను. రెబ్కా హాల్లో చాప మీద వెల్లకిలా, మోకాళ్ళు మడిచి, నడుము కింద వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

“పడుకో. నీ ప్రాణం మీదికి వస్తున్నా చెప్పలేదేం?”

ఆమె పైకప్పు వంక చూస్తూ అంది: “పెళ్ళైన మొదటి ఆదివారం అండి. చుడీదార్ వేసుకుని, రెండు పక్కలా కాళ్ళేసుకుని చర్చికి వచ్చాను. గేటు దగ్గర అందరూ ఉన్నారు. మీరు నా చెయ్యి పట్టుకుని, ‘నరసాపురంలో ఎలా కూర్చుంటారో నాకు తెలీదు, మన సంఘంలో ఆడవాళ్ళు ఒక పక్కకే కూర్చుంటారు’ అన్నారు. పాస్టరమ్మ గారు నవ్వారు.”

“నేనా? నాకు గుర్తు లేదు.”

“నాకుందండి.”

ఆ ఒక్క వాక్యంలో ఆమె గొంతు పెరగలేదు. నేను గోడ దగ్గర నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి గోడ దాకా నడిచాను. నేను అన్న మాట నాకు గుర్తుండకపోవచ్చు. దాని పర్యవసానం ఆమె వెన్నులో ఉంది. రాజమండ్రిలో నా పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నాతో అన్న ఇలాంటి మాటే నాకు ఇప్పటికీ గుర్తుంది. దాన్ని నేను మర్యాద అనుకుని దాచుకున్నాను. తరువాత ఏ ఆలోచనా లేకుండా మరొకరి చేతిలో పెట్టాను.

“మరి నొప్పి ఎంత అని అడిగితే అబద్ధం చెప్పి ఉండవచ్చుగా, నాలుగో మూడో?”

“నొప్పి విషయంలో అబద్ధం ఎలా చెప్తానండి? నా డ్యూటీయే అది,” అంది రెబ్కా, కొంచెం కోపంగా.

భరద్వాజ్ దుకాణం పదింటికి తెరుస్తాడు. తొమ్మిదిన్నరకే వెళ్ళి మూసిన షట్టరు ముందు నిలబడ్డాను. పదకొండు దాకా అతను రాలేదు. సాయంత్రం బండి ఖాళీ అయ్యాక మళ్ళీ ముగ్గురం వెళ్ళాం.

“పాల్కీ వాపస్?” అన్నాడతను దారం ముక్క తీసి.

“అంతా తీసేయండి. మళ్ళీ మొదటి నుంచి.”

“అచ్ఛా. దీదీ కైసే బైఠ్‌తీ హై?”

ఈసారి నేను గొలుసు వంక చూశాను. తరువాత రెబ్కా, “దోనో తరఫ్, భయ్యా,” అంది.

అతను ఆమెనే బండి ఎక్కమన్నాడు. సుద్దముక్కతో ఆమె కూర్చున్న చోటు గీశాడు. సీటు రెండు వైపులా సమంగా కోసి, వెన్నెముక కింద పడే చోట ఒక వేలెడు పల్లం వదిలాడు. పలక విప్పేసి, రెండు మెట్లనూ ఒకే ఎత్తున బిగించాడు. వెనక నడుముకు ఆనే చిన్న దిండు కుట్టాడు. నా కాగితం అతని చెత్తబుట్టలో ఉండటం చూశాను. తీసుకోలేదు.

మర్నాడు ఉదయం ఐదూ నలభైకి బాల్కనీలో నిలబడ్డాను. మంచు పలచగా ఉంది; గేటు కనబడుతోంది. ఎదురింటి వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు టీ తాగుతున్నారు. రెబ్కా అలవాటుగా ఒక పక్కకు తిరిగి, ఆగి, తల ఎత్తి నన్ను చూసింది. నేను లోపలికి వెళ్ళిపోతే ఆమెకు తేలికగా ఉంటుందేమో అనిపించింది. కానీ అప్పుడది నేను చూడనట్లు నటించడమే అవుతుంది. ఆమె మళ్ళీ ఆ మలుపు దాకా ఆగవలసి వస్తుంది.

“కాలు అటు వెయ్యమ్మా, టైమైపోతోంది!” అని, ఎదురింటికి కూడా వినబడేటంత గట్టిగా కేకేశాను.

సైమన్ హారన్ కొట్టాడు, కారణం లేకుండా. ఆమె కాలు వేసి కూర్చుంది. బండి మలుపు దగ్గర ఆగే చప్పుడు కోసం చెవులు రిక్కించి విన్నాను. ఆగలేదు.

ఆ సాయంత్రం ఆమె “ఆరు” అంది, గురువారం “నాలుగు”. ముప్ఫై ఒకటో తేదీ నాటికి నోటుపుస్తకంలో “మూడు” ఉంది. ఆ లోపల ఆలస్యం మళ్ళీ జరగలేదు. కాంట్రాక్టు కొనసాగింది. రెబ్కా ఆ డయాలిసిస్ విభాగంలో మరో ఏడేళ్ళు పనిచేసి, 2024 మార్చిలో నోయిడాలోని ఇంకొక ఆసుపత్రికి మారింది.