పళ్ళూడిన పడుచు

సాయిదుర్గ పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. గోడమీద పిల్లి అప్పటికే రెండు తలకాయలు కొట్టేసి, మూడోదాని కోసం కాచుకుని ఉంది.

గుమ్మం పక్కన కుర్చీ అంచున, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, అత్తగారి ఆడపడుచు పెద్దింట్లమ్మ కూర్చుంది. పొద్దున్నే నాగాయలంక నుంచి వచ్చింది. అన్నగారు శోభనాద్రి దినకర్మలయ్యాక ఆమె పుట్టింటి గడప తొక్కడం ఇదే. ఇదివరకైతే వస్తూనే వంటింట్లో దూరి గిన్నెల మూతలెత్తి చూసేది. ఈసారి మంచినీళ్ళు కూడా అడిగి తాగింది.

"మూడింటి బస్సుకి వెళ్ళొస్తాను వదినా" అంది, లోపలికి వినపడేలా. ఆ మాట అనడం అది రెండోసారి.

లోపల అత్తగారు ఇందిర గిన్నెలు గట్టిగా చప్పుడు చేసింది.

సాయిదుర్గ మొగుడు ప్రసాద్ అయితే పొద్దున ఎవరితో ఏమీ అనకుండానే బోటు మీదికి వెళ్ళిపోయాడు. కాపురానికొచ్చిన కొత్తలో సాయిదుర్గ అందుకు చిన్నబుచ్చుకుంటే అత్తగారు నవ్వింది. "చెప్పి వెళ్ళేది చుట్టాలేనే పిచ్చిదానా. ఇంట్లో మనిషికి చెప్పడాలేంటి?"

సాయిదుర్గకి ఎన్నాళ్ళనుంచో ఒక సందేహం. ఇప్పుడడిగింది.

"పిన్నిగారూ, పడుచంటే పడుచుపిల్లేగా? మరి ఈ వయసులో కూడా మిమ్మల్ని ఆడపడుచనే అంటారేంటండీ?"

పెద్దింట్లమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "పళ్ళూడిన పడుచుని! చూడు, ముందువి రెండూ లేవు."

"మా అక్కని ఖమ్మం వైపు ఇచ్చాం. వాళ్ళు ఆడబిడ్డ అంటారు. అదీ పిల్లే. అటైనా ఇటైనా పెద్దవాళ్ళని చెయ్యరు" అంది సాయిదుర్గ.

"ఇది వదినలు పెట్టిన పేరు కాదనుకుంటానమ్మా. అమ్మా నాన్నా 'మా ఆడపడుచు' అనుంటారు. కోడళ్ళొచ్చి అదే అందుకునుంటారు. పిల్ల ముసల్దైనా మాట ముసల్దవలేదు." ముసలామె సంచీ తాడు వేలికి చుట్టుకుంది. "మా అమ్మ పోయింది, నాన్న పోయాడు, అన్నయ్యా పోయాడు. నన్ను పిల్లగా చూసినవాళ్ళెవరూ లేరిక్కడ. ఇంక నేనెవరికి పడుచుని? ఒకసారి చూసిపోదామని వచ్చానంతే."

సాయిదుర్గ చేతిలోని రొయ్యని గిన్నెలో వేసి, పీట ఆవిడ వైపు జరుపుకుంది.

ఇందిర గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నేను లేనా? నేనీ ఇంటికొచ్చేసరికి నువ్వు చీమిడి ముక్కేసుకుని నా పెళ్ళిచీరకి తుడిచినదానివి. ఆ మరకింకా ఉంది, చూపించనా?"

"అదేం కాదు వదినా..."

"ఏం కాదేంటి? పొద్దుణ్ణుంచీ చుట్టంలా కూర్చున్నావు, సంచీ కాపలా కాస్తా. రొయ్యల్లోకి చింతచిగురు లేదు. ఆ చివరింటి కనకదుర్గ చెట్టు నిండా ఉంది. లేత చిగురు చూసి కోసుకురా. నిరుడు నువ్వు తెచ్చిందంతా ముదురే. నీ అన్నగారు తినలేక తిన్నారు."

పెద్దింట్లమ్మ వదిన మొహంలోకి చూసింది. సంచీ తీసి గోడమేకుకి తగిలించింది. వదినగారి చెప్పుల్లోనే కాళ్ళు దూర్చి, కొంగు నడుముకి దోపుకుని, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా గుమ్మం దిగి వెళ్ళిపోయింది.