డ్రైవరు సీట్లో బియ్యం మూటలు

"వరూ, ఇంట్లో బియ్యం మూటలు ఎన్నుండాయి?" అని కింద బండి దగ్గర నుంచి కేకేశాడు హేమంత్‌కుమార్. ఆదివారం పొద్దున్నే మొగుడికి బియ్యం సంగతి పట్టడం వరూధిని పెళ్లైనప్పటి నుంచీ చూడలేదు. ఇడ్లీ పిండి గరిటె చేత్తో అలాగే పట్టుకుని కిటికీలోంచి తొంగి చూసింది. "మూడుండాయి బావా, ఎందుకు?" అంది. "మూడూ కావాల. కిందికి తీసుకురా" అన్నాడు. రెండు మూటలు తనే మెట్లు దిగి మోసింది. మూడోదానికి మాత్రం ఆయన సగం మెట్ల దాకా ఎదురొచ్చాడు.

బెంగళూరు యలహంకలో వాళ్లది మేడ మీది ఇల్లు, కింద బండి నిలుపుకునే చోటు. నిన్న స్నేహితుడు సందీప్‌తో కలిసి ఆయన బండి పాత షాక్ అబ్జార్బర్లు పీకేసి కొత్తగా కాయిలోవర్లు బిగించాడు. మర చుట్టిన గొట్టం, దాని మీద స్ప్రింగు, స్ప్రింగు కింద ఒక రింగు. ఆ రింగును వంకీ స్పానరుతో ఒకవైపు తిప్పితే బండి లేస్తుంది, ఇంకోవైపు తిప్పితే దిగుతుంది. ఈ పూట పని బండిని కిందికి దించి ఎత్తు కుదర్చడం. "టైరుకీ పైన బాడీ అంచుకీ నడుమ రెండు వేళ్లు పట్టాల, అంతే. చూసినోళ్లు అట్లే నిలబడిపోవాల" అని వారం నుంచి అదే పాట.

ఆయన మూటల్ని ఒకదాని మీద ఒకటి డ్రైవరు సీట్లో పేర్చి, పడిపోకుండా సీటు బెల్టు కూడా పెట్టాడు. "ఖాళీ బండిని కొలిస్తే కొలత తప్పు వరూ. డ్రైవరు కూర్చుంటే ఆ పక్క స్వల్ప దిగుతుంది. ఆ బరువుతోనే సెట్ చేయాల. నేను కింద స్పానరు పట్టుకుంటే సీట్లో ఎవరుంటారు చెప్పు? మూడు మూటలంటే సుమారు నా వెయిటే" అని తన తెలివికి తనే మురిసిపోయాడు. "నువ్వు టేపు పట్టుకో. చక్రం నడిమి నుంచి అంచు దాకా ఎంతుండాదో చెప్పు" అని ఆమె చేతికి టేపు ఇచ్చాడు.

వరూధిని చక్రం పక్కన గొంతుకూర్చుంది. తను ఇక్కడే, మూరెడు దూరంలో ఉంది. సీట్లో ఎవరుంటారని అడిగిన మనిషి కళ్లకు తను ఆనలేదు. వారమంతా ఆయన ఆఫీసు బస్సులో పోతాడు. బండి తోలేది ఆమె. కూతురు భవ్యను స్కూల్లో దింపేది, అత్తను ఫిజియోథెరపీకి తీసుకుపోయేది, కూరగాయలు తెచ్చేది, ఊరి నుంచి ఎవరొచ్చినా మెజెస్టిక్ బస్టాండుకు పోయి ఎక్కించుకొచ్చేది ఆమె. ఆ మాటకొస్తే ఇప్పుడు బెల్టు పెట్టుకుని దర్జాగా కూర్చున్న మూటల్ని కొట్టు నుంచి తెచ్చింది కూడా ఆమే, అదే బండిలో, అదే సీట్లో కూర్చుని. అయినా చుట్టాల్లో అది హేమంతు బండి. ఒకసారి నవ్వుతూనే అన్నాడు, "నువ్వు తోలేదీ ఒక తోలడమేనా? దించి రావడం, ఎక్కించుకుని రావడం" అని. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ అప్పుడప్పుడూ అంట్లు తోముతూ అనుకుంటుంది. ఆదివారం ఆయన సీటు వెనక్కి తోసుకుంటాడు, అద్దం తన ఎత్తుకు తిప్పుకుంటాడు. సోమవారం పొద్దున ఆమె సీటు ముందుకు లాక్కుని, అద్దం కిందికి వంచుకుని, అప్పుడు తాళం తిప్పుతుంది. ఇన్నేళ్లలో ఆ సీటు ఆమెకు సరిపోయేట్టు ఎవరూ వదిలిపెట్టలేదు.

హేమంతు చెడ్డవాడని కాదు. సొంత మేనత్త కొడుకు. చిన్నప్పుడు ఆమె సైకిలు విప్పి, మళ్లీ బిగించలేక ఏడ్చినవాడు. చెవి మీద గ్రీజు పూసుకుని బండి కింద దూరితే ఇప్పటికీ ఆ పిల్లాడే కనిపిస్తాడు, ముద్దొస్తాడు. అందుకే గట్టిగా ఏమీ అనబుద్ధి కాదు. మెల్లిగా అంటే ఆయనకు వినబడదు. సామాను ఆర్డరు పెట్టిన రోజే చెప్పింది, "అత్తకు తుంటి ఎముక ఆపరేషన్ అయ్యుండాది బావా, కిందికుండే సీట్లో కూర్చోవద్దన్నాడు డాక్టరు" అని. "అమ్మకు అలవాటైపోతుందిలే" అన్నాడు. "ఫిజియోథెరపీ ముందర రోడ్డుకు అడ్డంగా ఆ పెద్ద హంపు ఉండాదే, దానికి బండి అడుగు తగలదా?" అంది. "నువ్వెట్లా మెల్లిగానే పోతావు గదా" అన్నాడు. అక్కడితో ఆ మాట ముగిసింది.

మధ్యాహ్నానికి రెండు వేళ్ల సందు కుదిరింది. బండి నేలకు అతుక్కుని, నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. హేమంతు పైకి చూసి, "అమ్మా! దిగొచ్చి ఒకసారి కూర్చుని చూడు" అని పిలిచాడు.

సుశీలమ్మ చేతికర్రతో ఒక్కో మెట్టూ దిగింది. కొడుకు ముందు పక్క సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి, సీటు ఎక్కడుందో చేత్తో తడుముకుంటూ కూర్చోబోయింది. అనుకున్న చోట సీటు లేదు. ఇంకా కిందుంది. దభాలున కూలబడింది. "బాగుండాదప్పా" అంది. పెదవులు బిగిశాయి. లేవబోయి, లేవలేక, చెయ్యి ముందుకు చాపింది. ఆ చెయ్యి తలుపు పట్టుకుని నిలబడ్డ కొడుకు వైపు పోలేదు. టేపు పట్టుకుని అవతల నిలబడ్డ కోడలి వైపు వచ్చింది.

వరూధిని రెండడుగుల్లో దగ్గరికొచ్చింది. అత్తను రెండు చంకల కింద పట్టుకుని లేపింది. కొడుకు సరదా చెడగొట్టలేక నొప్పి మింగిన ఆ మనిషిని చూస్తే, అద్దంలో తనను చూసుకున్నట్టే ఉంది. ఇంట్లో ఇద్దరాడవాళ్లూ ఒకే పని చేస్తున్నారన్నమాట. బాగుండాదప్పా, బాగుండాదప్పా.

టేపు నడుముకు దోపుకుని డ్రైవరు తలుపు దగ్గరికి పోయింది. బెల్టు విప్పింది. పై మూట దించి గోడకు ఆనించింది. తర్వాత రెండోది.

"ఏయ్, ఏం చేస్తా ఉండావు? లెక్కంతా పోతుంది!"

"తప్పు లెక్క బావా, పోతే పోనీ" అంది. మూడో మూట కూడా దించి తను ఎక్కి కూర్చుంది. సీటు ముందుకు లాక్కుంది, అద్దం వంచుకుంది. "ఈ బండి దినామూ తోలేది నేను. నా బరువుతో కుదుర్చు" అంది. గొంతు పెంచలేదు. పెంచకుండానే వినబడిందని ఆయన మొహం చెప్పింది.

"నువ్వా..." అని ఏదో అనబోయాడు. సుశీలమ్మ కర్ర నేలకు తాటించింది. "రేయ్, సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. పక్క సీట్లో దినామూ కూర్చునేది నేను గదా, నా బరువూ పెట్టుకో. కాకపోతే నేను ఎక్కేటంత ఎత్తు ముందు చేయి" అంది. మెట్ల మీద నుంచి ఇదంతా చూస్తున్న మనవరాలు భవ్య పైకి పరుగెత్తి స్కూలు బ్యాగు తెచ్చి, వెనక సీట్లో దూరి, దాన్నీ పక్కన పెట్టుకుంది.

హేమంతు తన చేతిలో స్పానరు, గోడకు ఆనించిన మూటలు, సీట్లో పెళ్లాం, నొప్పి దిగని తల్లి మొహం, అన్నీ వంతులవారీగా చూశాడు. అలిగి పోతాడేమో అనుకుంది వరూధిని. ఆయన పోలేదు. చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తల ఎత్తి, పెళ్లైన ఇన్నేళ్లకు మొట్టమొదటిసారి బండి సంగతి ఆమెను అడిగాడు.

"ఎంత ఎత్తు పెట్టమంటావు వరూ?"

"అత్త ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచేటంత."

రింగు తిప్పాడు, జాకీ దించాడు, మళ్లీ ఎత్తి మళ్లీ తిప్పాడు. ప్రతిసారీ తల్లి కూర్చుంది, లేచింది. చివరికి ఒకసారి కర్ర ఊతంతోనే, తనంతట తనే లేచి నిలబడి, చిన్నపిల్లలా నవ్వింది. టైరుకీ అంచుకీ నడుమ ఇప్పుడు అరచెయ్యి అడ్డంగా పట్టేంత సందు. హేమంతు దాన్ని చూసి నిట్టూర్చాడు. తల్లిని మళ్లీ ముందు సీట్లో మెల్లిగా కూర్చోబెట్టి తలుపు వేశాడు.

"ఒక రౌండు తోలుకొస్తే స్ప్రింగులు కుదురుకుంటాయి. వచ్చినాక మళ్లీ కొలవాల" అంటూ చేతులు గుడ్డకు తుడుచుకుని, అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు తెరిచి, ఆమె దిగుతుందని పక్కకు జరిగి నిలబడ్డాడు.

వరూధిని దిగలేదు. బెల్టు పెట్టుకుంది. ఆయన చెవి మీది గ్రీజును పమిట చెంగుతో తుడిచి, "వెనక ఎక్కు బావా, భవ్య పక్కన" అంది. "నీ బరువు అక్కడ పెట్టి ఆ హంపు దాటి చూద్దాం."