బయటి గడియ

మా నాయనమ్మ నన్ను అనుమానపు పీనుగ అంటుంది. పాలు పలచగా ఉంటే పాలవాడి కంటే ముందు నాయనమ్మ ముఖం చూసే రకం నేను. ఎవరైనా కారణం లేకుండా నవ్వితే నాకసలు పడదు. అందుకే మందుల షాపాయన నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఆయన ముఖం మీద ఆ నవ్వు ఎప్పుడూ ఉంటుంది.

వీధిలో అందరూ ఆయన్ని డాక్టరుగారూ అంటారు. డాక్టరూ కాదు, పాడూ కాదు, మందులమ్ముతాడు. దెబ్బ తగిలిందని ఎవరు వెళ్ళినా ఊరికే కట్టు కట్టి పంపిస్తాడు, అందుకే ఆ బిరుదు. ఆయన రెండో పెళ్ళి చేసుకున్నావిడ కూతురే నా స్నేహితురాలు వసపిట్ట. ఆ పేరు మా క్లాసు పెట్టింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

అలాంటిది ఈ మధ్య బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటోంది. మొదట తలుపులో వేలు నలిగిందంది. తర్వాత మణికట్టుకి కట్టుతో వచ్చింది. ఆ కట్టు చూడముచ్చటగా ఉంది, అంచులు కత్తిరించి, చివర చిన్న టేపు అంటించి.

"ఏమైందే?"

"బాత్రూంలో పడ్డాను."

"పడితే అరచెయ్యి కదా ఆనిస్తారు? నీ అరచేతికి గీత కూడా పడలేదేం?"

"నువ్వేమన్నా పోలీసువా?" అని బ్యాగు తీసుకుని వెనక బెంచీకి పోయింది.

చిన్నప్పటినుంచీ ఒకే బెంచీ మాది. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. లెక్కల పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకమాడుతోందని అనుమానించాను. కొత్త స్నేహితురాలెవరో దొరికిందనీ అనుమానించాను. ఇంటికి వెళ్ళేటప్పుడు దాని వెనకాలే దూరంగా నడిచి చూశాను కూడా. తలెత్తకుండా తిన్నగా ఇంటికి పోయింది. గుమ్మంలో ఆయన నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

మా నాన్న వడ్రంగి మేస్త్రీ. ఆ శనివారం మందుల షాపాయన మా నాన్న దగ్గరికి వచ్చాడు.

"స్టోర్ రూముకి గడియ బిగించాలి మేస్త్రీ. బయటివైపు. గట్టిది."

"లోపల ఏం పెడతారండీ?" అన్నాడు నాన్న. ఎంత గట్టిది కావాలో తేల్చుకోవడానికి అందరినీ అడిగే మాటే అది.

"మందులే. పిల్లలకి అందకూడదు కదా." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే ఇంకో మాట కలిపాడు. "మా ఇంట్లో అందరూ సరేనన్నారులే."

ఆ ఇంట్లో ఉన్న పిల్ల ఒక్కతే. పదో తరగతి. సీసా కనిపిస్తే నోట్లో పెట్టుకునే వయసా అది?

ఆదివారం నాన్న వెంట నేనూ బయల్దేరాను. "నీకెందుకే ఎండలో?" అన్నాడు నాన్న. డ్రిల్లు వైరు పట్టుకుంటానన్నాను.

ఆ గదిలో మందులు లేవు. చిన్న మంచం, వసపిట్ట స్కూలు బ్యాగు, కిటికీకి అడ్డంగా కొట్టిన కొత్త చెక్క. వసపిట్ట గోడకి ఆనుకుని నిలబడింది, నన్ను చూసి చూడనట్టు. వాళ్ళమ్మ వంటింట్లో మాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. పలకరించినా తిరగలేదు. ఈవిడ కూడా ఆయన మనిషేనని తేల్చుకున్నాను.

"మంచం ఉందేంటండీ?" అన్నాడు నాన్న.

"తీసేస్తాం, తీసేస్తాం."

నాన్న గడియ బిగించాడు. నాన్నకి ఒక పద్ధతుంది. ఏ గడియైనా సరే, ఒక మనిషిని లోపల నిలబెట్టి, తలుపు మూసి, లోపలినుంచి లాగించి చూస్తే గానీ పనిముట్లు సర్దడు.

"ఎవరన్నా ఒకరు లోపలికి రండి," అన్నాడు.

ఆయన చెప్పులు విడిచి వెళ్ళబోయాడు. అంతలోనే వసపిట్ట, ఎవరూ తన పేరెత్తకుండానే, తల వంచుకుని లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడింది. ఆ గదిలో అలా నిలబడడం దానికి అలవాటే.

"నేనూ లాగుతా నాన్నా," అని దూరిపోయాను. తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

చీకట్లో దాని చెయ్యి వెతికి పట్టుకున్నాను. "కొడుతున్నాడా?"

అది నా చెవి దగ్గరికొచ్చింది. "కొట్టి, ఆయనే కట్టు కడతాడే. మంట పుట్టకుండా ఊదుతూ కడతాడు. రేపటినుంచి నాకు స్కూల్లేదంట, ఇక్కడే ఉండాలంట. నీకు చెప్పేస్తానని ఆయన భయం."

నేను దాని చెయ్యి వదల్లేదు.

"లాగండమ్మా!" బయటినుంచి నాన్న.

"నాన్నకి చెబుదాం," అన్నాను.

"మీ నాన్న నమ్మకపోతే? మీరు వెళ్ళిపోతారు. నేను ఇక్కడే ఉండాలి."

నాన్న కూడా ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తాడు. ఉలి తగిలి చెయ్యి తెగినప్పుడు ఆయన దగ్గరే కట్టు కట్టించుకున్నాడు. "నమ్ముతాడో లేదో నాకు తెలీదు," అన్నాను. "కానీ నువ్వు రాకపోతే నేను కదలను." అని ఆ మంచం మీద కూర్చున్నాను.

అది వెళ్ళి, కట్టున్న చేత్తోనే తలుపు బాదింది.

"బాబాయ్! ఈ గది మందులకి కాదు. నన్ను పెట్టడానికి!"

మొదలుపెట్టాక ఆగలేదు. వేలు ఎవరు నలిపారో, ఎందుకు నలిపారో, ఏడుస్తూ, తడబడుతూ, మళ్ళీ మా వసపిట్ట గొంతుతో మొత్తం చెప్పేసింది.

బయటినుంచి ఆయన నవ్వు వినిపించింది. "ఈ వయసు పిల్లలు కథలల్లుతారు మేస్త్రీ. మీరు బయల్దేరండి, గడియ నేను తీస్తాలే."

"ఎలా బయల్దేరతానండీ? లోపల నా కూతురుంది," అన్నాడు నాన్న.

గడియ తీసింది నాన్నే. లోపల నేను లేకపోయి ఉంటే ఏం చేసేవాడో, ఆ అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. నాన్న చేతిలో సుత్తి చూసి పక్కకి తప్పుకున్నాడు. మేం పోలీస్ స్టేషన్‌కి నడిచాం. కాస్త వెనకగా వసపిట్ట వాళ్ళమ్మ కూడా వచ్చింది, ఎవరూ రమ్మనకుండానే. ఆయనే పంపి ఉంటాడనుకున్నాను.

స్టేషన్‌లో ఎస్సై మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది. వసపిట్ట అంతా మళ్ళీ చెప్పింది. మేడమ్ వాళ్ళమ్మవైపు తిరిగింది.

"నిజమేనా అమ్మా?"

ఆవిడ నేల చూస్తూ, "పడిందండీ. బాత్రూంలో. దూకుడెక్కువ దానికి," అంది.

నేను లేచాను. పెద్దావిడ అని కూడా చూడకుండా కడిగిపారేసేదాన్నే. వసపిట్ట నా చెయ్యి లాగి కూర్చోబెట్టింది. తన కుర్చీని వాళ్ళమ్మ దగ్గరికి జరుపుకుంది.

"నేను పడలేదమ్మా," అంది.

అని, వాళ్ళమ్మ వీపు మీద మెల్లగా చెయ్యి వేసింది. చెయ్యి తగలగానే ఆవిడ నొప్పితో ఉలిక్కిపడింది.

"నువ్వు కూడా పడలేదు."