నా పేరు రాసిన పలక

"వాడికేదో అయింది. జ్వరమో, చెరసాలో. లేకపోతే రెండు నెలలుగా ఉత్తరం ముక్క లేకపోవడమేమిటి?"

రాజధాని చాంగాన్ కోటవాకిలి దాటేదాకా గాడిదబండివాడితో ఇదే మాట అంటూ వచ్చాను. "అవ్వా, మీవాడు సర్కారు కొలువులో ఉన్నాడు, పులినోట్లో కాదు," అని నవ్వాడతను. అతనికేం తెలుసు? నా కొడుకు హెంగ్ నేరాల విచారణ కచేరీలో చిన్న అధికారి. నాకది పులినోరే.

కచేరీ గుమ్మం దగ్గర తావో అనే ముసలి గుమాస్తా ఎండు రేగుపళ్ళు నములుతూ కూర్చున్నాడు. షుయె హెంగ్ ఉన్నాడా అని అడిగాను.

"ఎక్కడుంటాడు పాపం? వాళ్ళమ్మ పోయిందిగా. కబురొచ్చి మూడ్రోజులైంది. ఇంక ఇరవై ఏడు నెలల మైల, ఈ గడప తొక్కడానికి లేదు. ఇంతకీ నువ్వేమవుతావు?"

వాడికోసం కుట్టిన చలికాలపు జోళ్ళ మూట నా చేతిలోనే ఉంది. నిజం చెబితే వాడి మెడకు చుట్టుకుంటుందని మాత్రం తట్టింది.

"ఊరిదాన్ని," అన్నాను.

"అయితే పలకరించడానికొచ్చావన్నమాట. దక్షిణవీధిలో మూడో సందు. చావుఖర్చులకి కచేరీవాళ్ళిచ్చిన పట్టుతాను తీసుకుని నేనూ వెనకాలే వస్తా, పద."

ఇన్నేళ్ళలో ఎన్నింటికి భయపడ్డాను! వాడు బావిలో పడతాడని, పరీక్ష తప్పి ఉరేసుకుంటాడని, సరిహద్దుకి పంపేస్తారని. వాడే నన్ను చంపుతాడని ఒక్కనాడూ భయపడలేదు.

గదిలో హెంగ్ మైలవాళ్ళు కట్టే ముతక జనపనార బట్టలు కట్టి, నడుముకి తాడు చుట్టుకుని మూటలు సర్దుతున్నాడు. బల్లమీద చచ్చినవాళ్ళకి నిలబెట్టే చెక్క పలక, దానిమీద నా పేరు. ముందర గిన్నెనిండా కొర్రగంజి.

"తినమంటావా?" అన్నాను. "ఆకలిగానే ఉంది."

వాడు మోకాళ్ళమీద కూలబడ్డాడు. "అమ్మా, ముందు తలుపెయ్యి."

"చచ్చినదానికి తలుపెందుకురా? గోడలోంచి పోతానులే. ఎందుకు చంపావో చెప్పు."

చెప్పాడు. సర్కారు ధాన్యం దొంగిలించాడని ఒక పడవవాడికి తల తీయమని శిక్ష రాశారట. దొంగిలించింది మావాడి పై అధికారి బావమరిది. శిక్ష కాగితం మీద ఐదు ముద్రలు పడాలి. నాలుగు పడ్డాయి.

"ఐదోది నాది. వెయ్యనంటే నన్ను బతకనివ్వరు. తల్లి పోయిందంటే మాత్రం ఎవరూ ఆపరు, ఆ క్షణమే కొలువు వదిలి పోవాలి."

"నువ్వు పోయాక?"

"దశమికి కొత్తాయనొస్తాడు. వేస్తాడు."

గంజిగిన్నె తీసి నేలకేసి కొట్టాను. "మరి నన్ను చంపి ఎవర్ని కాపాడావురా? నీ చేతినా? ఆ పడవవాడికీ తల్లుంటుంది. నా కొడుక్కేదో అయిందని అదీ ఎవడో బండివాడితో అంటూ ఉంటుంది! ఈ అబద్ధం బయటపడితే ఏం చేస్తారు నిన్ను?"

"రెండున్నరేళ్ళు మట్టి మోయిస్తారు." వాడు తల దించుకున్నాడు. "పెద్దకచేరీలో విచారిస్తారు. ఎందుకు ఆడావని అడుగుతారు."

"అక్కడైనా నోరు పెగులుతుందా నీకు?"

అప్పుడే పట్టుతాను చంకన పెట్టుకుని తావో లోపలికొచ్చాడు. పగిలిన గిన్నె చూశాడు, నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు.

"పలకరించడానికొచ్చి చావింట్లో గిన్నెలు పగలగొట్టడం మీ ఊరి ఆచారమా అవ్వా? అయినా ఆ ముక్కు ఎక్కడో చూసినట్టుందే."

"పిన్నినయ్యా," అనేశాను. అప్పటిదాకా తిట్టినదాన్నే. మట్టితట్ట కింద వాడి భుజాలు కళ్ళముందు మెదిలేసరికి నోరు దానంతటదే అబద్ధమాడింది. నామీద నాకే ఒళ్ళు మండిపోయింది.

తావో వాడివైపు తిరిగాడు. "అవునా అయ్యగారూ?"

గంజి పారి నా చెప్పులదాకా వచ్చింది. అవునని ఏడు, అని కళ్ళతోనే బతిమాలాను. సందులో ఎవరో రొట్టెలమ్ముతూ కేకేసి, అవతలి మలుపు దాటి, వినబడకుండా పోయారు. హెంగ్ నడుముతాడు ముడి మెల్లగా విప్పి, పలక పక్కన పెట్టి, పలకని బోర్లించాడు.

"మా అమ్మ," అన్నాడు. "బతికే ఉంది. ఎందుకు అబద్ధం రాశానో పెద్దకచేరీ విచారణలో చెబుతాను. దశమిలోపే పెట్టించమను."